కొనుగోళ్లలో శిక్ష, శిక్షణము



పురాణమో, కావ్యమో, పంటల సంగతియో చెప్పవలసిన ముసలి బడిపంతులు కంపెనీల కొనుగోళ్లను గూర్చి మాటలాడుటేమి యని మీరనుకొనవచ్చును. నేను దువ్వాడ నివాసిని. విశాఖపట్టణపు స్టేషనులోనికి పోయి యింజను త్రిప్పుకొని మరలుట కిష్టపడని రైళ్లు పెక్కు మా యూరిలోనే యాగి సాగిపోవును. అందువలన మా యూరిపేరు దూరదేశీయులకును కొంత తెలిసినదే. మా కొక ప్రక్క ఉక్కు కర్మాగారము. ఇంకొక ప్రక్క 1989లో ఎగుమతుల మండలముగా ప్రకటింపబడి, తరువాత ప్రత్యేక ఆర్థికమండలముగా మారిన ఆవరణము. ఈ రెంటి నడుమ ముప్పది యైదేండ్లు పాఠములు చెప్పినవాని శిష్యులు ఎక్కడ తేలుదురు? ఒకడు స్టోర్సులో, ఒకడు కొనుగోలు శాఖలో, ఒకడు ఆడిట్‌లో. సాయంకాలములందు వారు మా యరుగుమీదికి వచ్చి చెప్పుకొను కష్టసుఖములు వినివిని నాకీ విద్య కొంత పట్టుపడినది.

ఇది మీకు సంబంధింపని విషయము కాదు. మీ బిడ్డలు, మనుమలు ఆ యుద్యోగములలో నున్నారు. అంతకన్నను దగ్గఱి మాట: పంచాయతీకి వీధిదీపములు కొనువారు, సహకారసంఘమునకు ఎరువు కొనువారు, దేవాలయమునకు నేయి కొనువారు మీరే గదా. పరుల సొమ్ముతో వస్తువు కొనువానికి వచ్చు చిక్కు లన్నిచోట్ల నొక్కటియే.

ముందుగా నొక్క మాటను గూర్చి చెప్పెదను. పంతులు బుద్ధి పోనిచ్చుకొనను. శిక్ష యను పదమునకు సంస్కృతమున నేర్పుట యని యర్థము. వేదాంగము లాఱింటిలో శిక్ష యొకటి. అది యక్షరముల నుచ్చరించు రీతిని నేర్పు శాస్త్రము. మన తెలుగులోనికి వచ్చునప్పటి కామాట దండనమై కూర్చున్నది. పూర్వపు వీధిబడులలో నేర్పుటయు కొట్టుటయు నొక్కచేతనే జరుగుచుండెను గావున అట్లయినదేమో! కొనుగోలు శాఖ నడుపువాని ముందున్న ప్రశ్నయు నిదియే. నియమము తప్పినవానికి చేయవలసిన శిక్ష సంస్కృతార్థముననా, తెలుగర్థముననా?

ఆ నియమము లెందుకు పుట్టినవో తెలియవలెనన్న, అక్కడ కొనుగోలు అనగా నేమో తెలియవలెను. మా ప్రక్క నున్న కర్మాగారమునే చూడుడు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతయు మ్రోగిన సంగతి మీలో వయోవృద్ధులు మఱచియుండరు. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపనము జరిగినది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అను సంస్థ ఏర్పడినది. 1992 ఆగష్టు 1వ తేదీన ప్రధాని పి. వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము గావించిరి. ఇంత పేరున్న కర్మాగారమునకు సొంత యినుపగని లేదు. ఖనిజమును బైలదిల్లా కొండల గనులు గల సంస్థ వద్ద కొనవలెను. కోకుబొగ్గు చాలవఱకు ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలలో రావలెను. అనగా మనకు రైతు సొంత విత్తనముతో సేద్యము చేసినట్లు గాదు. గింజ గింజయు కొని నాటవలెను. కొనుగోలు చెడినచో సర్వము చెడును. 2025 జనవరిలో కేంద్రమంత్రివర్గము దీనికి 11,440 కోట్ల రూపాయల సాయము నంగీకరింపవలసి వచ్చినదన్న, ఇట్టి సంస్థలో ప్రతి రూపాయకు నెంత లెక్క యుండవలెనో యూహించుకొనుడు.

ఇంకొక విశేషము. అక్కడి కోకు పొయ్యిలను ఒకమాఱు రాజవేసిన పిమ్మట దశాబ్దముల కొలది చల్లారనీయరు. చల్లారినచో లోపలి సిలికా యిటుకలు బీటలువారి పొయ్యి పాడగును. నిత్యాగ్నిహోత్రుల యింట నగ్నిని గాపాడినట్లు రాత్రింబవళ్లు కాపాడవలెను. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని మన నదుల పేరును, అన్నము పెట్టు తల్లి పేరును పెట్టుకొన్న మూడు బ్లాస్టు ఫర్నేసులకు ఆ కోకే యాహారము. బొగ్గు మోయు బెల్టున కొక యిరుసు విఱిగినదన్న, కాగితము వచ్చువఱకు నాగుమని పొయ్యితో చెప్పలేము. కొనుగోలు నియమము లన్నియు తీరుబడి గలవారు వ్రాసినవి; వానిని పాటింపవలసినవాడు మంటముందు నిలిచినవాడు. చిక్కు మొదలగుట ఇక్కడనే.

నియమముల తీరు మీకు క్రొత్తది కాదు. పెండ్లి సరుకులు తెచ్చునపుడు ఇంటి యాడవారు చీటీ వ్రాయింతురు, మేనమామ పట్టణమునకు పోయి కొనితెచ్చును, వేఱొకరు చీటీ పట్టుకొని తూచి కొట్టుగదిలో పెట్టింతురు, ఇంటి యజమాని సొమ్ము చెల్లించును. కావలసినవాడు, కొనువాడు, పుచ్చుకొనువాడు, చెల్లించువాడు ఒక్కడే కారాదు. కర్మాగారములోను నంతియే. ఇండెంటు ఒకరు వ్రాయుదురు, ఆర్డరు ఒకరిత్తురు, సరుకు ఒకరు చూచి పుచ్చుకొందురు, ఆర్డరును రసీదును బిల్లును మూటిని ప్రక్క ప్రక్కన పెట్టి సరిచూచి సొమ్ము నింకొకరు చెల్లింతురు. ప్రభుత్వశాఖలకు సాధారణ ఆర్థికనియమావళి 1947లో మొదట వెలువడి 1963, 2005, 2017 సంవత్సరములలో మార్పులు పొందినది. ప్రభుత్వసంస్థలకు వేఱుగా సొంత నిబంధనావళు లున్నను, మూలసూత్ర మొక్కటే: లోకజ్ఞానము గల గృహస్థు తన సొమ్మును వెచ్చించుట యందెంత మెలకువ చూపునో ప్రజాధనమునందును నంత చూపవలెను.

అయితే ఈ గృహస్థు పోలిక యొక్కొక్కచోట మోసము చేయును. సంతలో బేరమాడుట మనకు నేర్పు. అడిగిన ధర కిచ్చి వచ్చినవానిని ఇంట వెఱ్ఱివానిగా చూతురు. ప్రభుత్వపు టెండర్లలో నది దోషము. సీలువేసిన కవరులు విప్పి ధరలు చదివిన పిమ్మట అందఱితోను బేరము పెట్టరాదని కేంద్ర నిఘాసంఘమువారు 1998లోనే కట్టడి చేసిరి. ఏదైన తప్పనిసరి యైనచో తక్కువ ధర వేసినవానితో మాత్రమే, అదియు కారణము వ్రాసి మాటలాడవలెను. క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడు కంపెనీకి నాలుగు రూపాయలు మిగుల్చుద మనుకొని, మూడవవానిని పిలిచి ధర తగ్గింపు మనును. వెంటనే వాని చేతికి సంజాయిషీ నోటీసు వచ్చును. వాడు చేసినది దొంగతనమా? తన తండ్రి సంతలో చేసిన పనియే వాడును జేసినాడు. ‘బేరమాడరాదు’ అని మాత్రము చెప్పినచో వానికి నవ్వు వచ్చును. తరువాత బేరము కలదని తెలిసినచో అమ్మువారందఱు మొదట ధర పెంచి వేయుదురనియు, గదిలో జరిగిన బేరమున నెవరి చేతిలో నేమి పడినదో పరమేశ్వరునికే యెఱుక యనియు వివరించి చెప్పినచో, వాడు మఱల నాపని చేయుట కల్ల. కారణము తెలియని నియమమును మనుష్యుడు భయము చూచువారున్నంతసేపే పాటించును. ఇది నా బడి యనుభవము.

ఇప్పుడు నేనెఱిగిన యొక సంగతి చెప్పెదను. ఒక కర్మాగారము, పేరక్కఱలేదు. నా శిష్యుడొకడు అక్కడ మరమ్మతుల విభాగమున ఫోర్‌మను. ఒక రాత్రి బెల్టు ఇరుసు విఱిగినది. స్టోర్సులో మాఱు ఇరుసు లేదు. వీడు దానిని బండిలో వేసికొని గాజువాక ఆటోనగరమునకు పోయి, నిద్రించుచున్న లేతుమిషను యజమానిని లేపి, క్రొత్త ఇరుసు తీయించి తెల్లవారులోగా బిగించినాడు. బెల్టు నడచినది. బిల్లు పదునెనిమిదివేల రూపాయలు. ఆర్డరు లేదు.

కొనుగోలు శాఖాధికారి నియమము తెలిసిన మనిషి. ఆర్డరు లేని పనికి డబ్బు లేదన్నాడు. ఫోర్‌మనుకు నోటీసిచ్చినాడు. లేతుమిషను యజమాని తండ్రి కాలమున కర్మాగారములకు భూములిచ్చి కదలివచ్చిన కుటుంబములోనివాడు. ఏడునెలలు గేటుచుట్టు తిరిగినాడు. ఇనుప కమ్మీ కొన్న యప్పు, కరెంటుబిల్లు వానివే. మఱుసటి యేడు అట్టి రాత్రియే మఱల వచ్చినది. ఈమాఱు నా శిష్యుడు ఇండెంటు వ్రాసి పెట్టెలో వేసి ఇంటికి పోయి పడుకొన్నాడు. బెల్టు మూడుదినము లాగినది. కాగితము లన్నియు సరిగా నున్నవి. ఆడిటువారి కొక్క తప్పు దొరకలేదు. ‘అంతా రూలు ప్రకారమే జరిగిందండీ మాస్టారూ’ అని వాడు నాతో చెప్పినపుడు వాని ముఖమున సంతోషము లేదు. మంచి పనివాడు చచ్చి గుమాస్తా పుట్టినట్లు నాకు తోచినది.

ఆ యధికారి బదిలీ యైన పిమ్మట ఆ స్థానమునకు ఒక యమ్మగారు వచ్చిరి. ఆమె మొదట పాత నోటీసుల కట్ట విప్పి, ఎవరెవ రేయే సందర్భమున నియమము తప్పిరో వరుసగా పిలిచి కూర్చుండబెట్టి యడిగిరి. వ్రాతమూలకముగా గాక నోటితో నడుగుటవలన నిజము బయటికి వచ్చినది. అత్యవసరమున ఆర్డరు లేకుండ పని చేయించి, మఱునాడు కారణము వ్రాసి, తగిన యధికారి యామోదము పొందవచ్చునని వారి నిబంధనావళిలోనే యొక ఖండిక యున్నది! లావైన ఇంగ్లీషు పుస్తకములో నడుమ నెక్కడనో యున్న యా ఖండిక నొక్క ఫోర్‌మనును చదివినవాడు లేడు. పాత యధికారి చదివియే యుండును, చెప్పలేదు. ఆమె దానిని తెలుగున నొక్క పుటలో వ్రాయించి ప్రతి విభాగమునను గోడకంటించిరి. రాత్రివేళ నెవరికి టెలిఫోను చేయవలెనో నంబరు వ్రాసిరి. మఱునాడు మధ్యాహ్నములోగా కాగితము రావలెనని గడువు పెట్టిరి. లేతుమిషనువాని బిల్లుకు కారణములు వ్రాసి యామోదము తెప్పించి సొమ్మిప్పించిరి.

ఇక్కడ నా శిష్యులలోనే వాదము పుట్టినది. ఆడిట్‌లో నున్నవాడు, ‘మొదటి తప్పు మన్నిస్తామంటే అందరూ మొదటి తప్పే చేస్తారు గదండీ’ అన్నాడు. మాట త్రోసివేయదగినది కాదు. ఆమె చేసినదేమనగా, ఒక రిజిష్టరు పెట్టిరి. ఎవరికి, ఏ తేదీన, ఏ నియమము చెప్పితిమో వ్రాసి చెప్పించుకొన్నవానిచేత సంతకము చేయించిరి. ‘తెలియదు’ అను మాట ఒక్కొక్కనికి ఒక్కొక్క నియమము విషయమున నొక్కమాఱే చెల్లును. ఈ రిజిష్టరువలన ఇంకొక మేలు కలిగినది. నోటిమాటగా బోధించు నధికారి తనకిష్టమైనవానికి బోధించును, ఇష్టము లేనివానిని దండించును. బోధ పక్షపాతమునకు ముసుగగును. వ్రాసి పెట్టినపు డది సాగదు.

కొన్నాళ్లకు ఆమెకు వేఱొక జాతి తప్పు తగిలినది. ఒక విభాగాధిపతి, ఆమెకన్న హోదాలో పెద్దవాడు, ఒకే వస్తువును చిన్నచిన్న ముక్కలుగా కొనుచున్నాడు. ప్రతి ముక్కయు టెండరు పిలువవలసిన పరిమితికి కొంచెము దిగువ. అన్నియు నొక్క దుకాణమునుండియే. పై యనుమతి తప్పించుకొనుటకై యవసరమును ముక్కలు చేయరాదని ప్రభుత్వనియమావళిలోను స్పష్టముగా నున్నది. ఆమె ఆయనకును మొదట బోధయే చేసిరి: సంవత్సరమునకు కావలసినదంతయు నొకచోట లెక్కించి పంపుడు, మేము టెండరు పిలిచెదము, ధర తగ్గును అని వ్రాసి, రిజిష్టరులో సంతకము తీసికొనిరి. రెండు నెలలు సరిగా నడచినది. మూడవ నెలనుండి మఱల ముక్కలు; ఈమాఱు రెండు దుకాణముల పేళ్లతో. చిరునామా చూచిన రెంటికి నొక్కటే. ఆమె ఆయనతో మఱల మాటలాడలేదు. కాగితములు కట్టగట్టి విజిలెన్సువారి కప్పగించిరి.

కార్యాలయమున కొందఱు ‘మెత్తనిదనుకొన్నామే’ అని ముక్కుమీద వ్రేలు వేసికొనిరట. ఫోర్‌మనులు మాత్ర మాశ్చర్యపడలేదు. అవసరమునకు తప్పినవానిని, తెలియక తప్పినవానిని, తెలిసి ముసుగువేసి తప్పినవానిని ఆమె వేఱుపఱుపగలదని వారి కంతకుముందే నమ్మకము కలిగినది. ఆ నమ్మకము లేనిచోట పెద్దవానిని దండించినను పనివారు ‘ఏదో పగ’ అందురు.

పెద్దవానిని దండించుటే యరుదు. రూపాయి తప్పిన గుమాస్తాను పట్టుకొని లక్షలు దాటించినవానికి కుర్చీ వేయు కార్యాలయములలో బోధయు దండమును రెండును నవ్వులపాలగును. నన్నడిగినచో హోదా పెరిగినకొలది బోధించు వంతులు తగ్గవలెను. ఏలయన తెలిసికొనుటకు వానికి దారు లెక్కువ.

ప్రభుత్వమువారు నీ త్రాసుతో నేండ్లకేండ్లు తంటాలుపడినారు. 1962లో సంతానంగారి యధ్యక్షతన సంఘము వేసిరి. దాని సిఫారసుపై 1964లో కేంద్ర నిఘాసంఘ మేర్పడినది. 2003లో దానికి చట్టబద్ధత వచ్చినది. తప్పు జరిగిన పిమ్మట పట్టుకొను నిఘా, జరుగకమున్నే దారులు మూయు నిఘా అని ఆ సంఘమువారే రెండు తెఱగులు చెప్పుచుందురు. పత్రికల కెక్కునది మొదటిది. ఖజానాను కాపాడునది ఎక్కువగా రెండవది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టములో నొక నిబంధన యుండెను: అధికారి చేసిన పనివలన ప్రజాహితము లేకుండ వేఱొకరికి లాభము కలిగినచో, అతడు లంచము తినినట్లు ఋజువు కాకున్నను నేరము కావచ్చును. దీనివలన సంతకమే భయంకరమైనది. నిజాయితీపరుడు ఫైలుమీద ‘చర్చింపుడు’ అని వ్రాసి ప్రక్క బల్లకు త్రోయుటయే క్షేమమనుకొనెను. 2018లో ఆ భాగమును తీసివేసిరి. అధికారవిధిలో చేసిన నిర్ణయములపై విచారణకు ముందస్తు అనుమతి కావలెనని కూడ చేర్చిరి. ఈ రెండవది దొంగకు డాలగునని వాదించువారు కలరు. ఆ వాదము నేను తేలికగా తీసికొనను. కాని మొదటి సవరణ మంచిదే. చేయి వణకువాడు కొన్న వస్తువు చౌకగా నుండునని నేనెన్నడు నమ్మలేదు.

చౌక యన్న జ్ఞప్తికి వచ్చినది. అన్నిటికన్న తక్కువ ధర వేసినవానిని ‘ఎల్ వన్’ అందురు. వానికే యిచ్చినచో అధికారికి చిక్కు లేదు; వస్తువు నాణెము చెడినచో చిక్కు వాడుకొనువానిది. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖవారు కొన్ని పనులయందు ధరతోబాటు గుణమునకును మార్కులు వేయవచ్చునని యనుమతించిరి. గుణమునకు మార్కులు వేయుట యన్న మనుష్యుని బుద్ధికి పని చెప్పుట. బుద్ధికి పని చెప్పిన చోట నేర్పవలసిన పనియు పెరుగును. కంప్యూటరు వచ్చిన పిమ్మట నీ బాధ తీరునన్నవారున్నారు. 2016 ఆగష్టులో ప్రభుత్వ ఈ-విపణి వచ్చినది, పాత సరఫరాల డైరెక్టరేటు 2017లో మూతపడినది. కవరులు చింపి మార్చు చేతులు కొన్ని పోయినవి, నిజమే. కాని ముక్కలుగా కొనవలెననుకొన్నవానికి యంత్రము బుద్ధి చెప్పదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును శామశాస్త్రిగారు 1909లో మైసూరున అచ్చొత్తించిరి. అందు రాజధనమును హరించు విధములు నలువది లెక్కింపబడినవి. వానిలో పెక్కు లెక్కల పుస్తకములో ముందువెనుకలు చేయుటయే. ఆ నలువదింటిలో నేటి కాఫీసులో నిలువనిది యేదియో చూపుమని నా ఆడిటు శిష్యుని నడిగితిని. ఇంతవఱకు జవాబు తేలేదు.

చివరగా అమ్మువారి సంగతి. దండించు కొనుగోలు శాఖయైనను, బోధించు కొనుగోలు శాఖయైనను, రెంటి నడుమ నలుగువాడు చిన్న కర్మశాలవాడు. మీ యూళ్లనుండి పోయి గాజువాకలోనో, దువ్వాడలోనో లేతుమిషను పెట్టుకొన్న పిల్లలకు ఈ నాలుగు మాటలు అందజేయుడు. 2006 నాటి చిన్నపరిశ్రమల చట్టము ప్రకారము, సరుకు తయారు చేసి యిచ్చినవానికిగాని, పని చేసిపెట్టినవానికిగాని, ఒప్పందమెట్లున్నను, 45 దినములు దాటకుండ సొమ్ము చెల్లింపవలెను. దాటినచో బ్యాంకురేటునకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా, కొన్నవాడు కట్టవలెను. సరుకు పుచ్చుకొని 15 దినములలోగా వ్రాతమూలకముగా తప్పు పట్టకున్నచో ఒప్పుకొన్నట్లే లెక్క. ఇది సూక్ష్మ, చిన్న సంస్థలకే. కొని యమ్ము వ్యాపారికి వర్తింపదు. కేంద్రప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో నూటికి 25 వంతులు ఇట్టివారివద్దనే కొనవలెనను ఉత్తరువును కలదు. 2012లో వెలువడినపు డది 20 వంతులు, 2018లో పెంచిరి. తక్కువ ధరకు నూటికి 15 వరకు హెచ్చుగా వేసిన చిన్నవాడు ఆ తక్కువ ధరకు దిగుట కొప్పుకొన్నచో, సరుకులో కొంతభాగ మతని కియ్యవచ్చును.

ఇవి యన్నియు దక్కవలెనన్న ‘ఉద్యం’ అను నమోదు ముందుగా చేయించుకొనియుండవలెను. 2020 జులై నుండి ఆ పద్ధతి వచ్చినది. బాకీ తెగనిచో రాష్ట్రములోని ఫెసిలిటేషన్ కౌన్సిలునకు ఫిర్యాదు చేసికొనవచ్చును. సరుకిచ్చునపుడు పుచ్చుకొన్నవానిచేత తేదీ వేయించి సంతకము తీసికొని, ఆ చీటీ నకలు పదిలపఱచుకొనవలెను. అర్ధరాత్రి ఎవరైన వచ్చి తలుపు తట్టి ఇరుసు తీయుమన్నచో, తీయవలసినదే. ఎవరు పంపిరో, ఏ విభాగమో, ఏ గంటకు వచ్చిరో ఒక కాగితముమీద వ్రాయించుకొని, తరువాత మిషను త్రిప్పవలెను.